నాలుగో జ్వరం సుగుణ

సుగుణ ఇక లేదన్న వార్త రెండు వారాల కిందటి మంగళవారం పొద్దున పదిన్నరకు నాకు చేరింది. కురుడుమలె దగ్గర, వాళ్ల ఊరి మలుపులో లారీ ఆమె స్కూటరును గుద్దింది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి. ఏం చేయాలో తోచక, ఆ రోజు నేను చేయకూడని పని చేశాను. మా బ్యాండు సౌండు బాక్సులు రెండూ వ్యానులో వేసుకుని కేజీఎఫ్ నుంచి వాళ్ల ఊరికి పోయి, ఇంటి పక్కనున్న పట్టుపురుగుల షెడ్డు గోడకు ఆనించి, ‘రిటర్న్ టికెట్’ పాట గట్టిగా పెట్టాను. మాకు పేరు తెచ్చిన పాట అది. సుగుణ పాడడం మానేసిన పాట కూడా అదే. బాణీ నాది.

రెండో చరణం రాకముందే వాళ్లమ్మ నారాయణమ్మ బిడ్డ తల దగ్గర నుంచి లేచి వచ్చింది.

“దాసప్పా, లోపల పురుగులు జ్వరానికి కూర్చొని ఉండాయి. గోడ అదురుతా ఉండాది. ఆపు నాయనా.”

పురుగు ఆకు తినడం మానేసి, తల పైకెత్తి కదలకుండా కూర్చుని, పాత చర్మం విడిచే సమయాన్ని మా వైపు జ్వరం అంటారు. అప్పుడు దాన్ని కదిలించకూడదు. ‘నాలుగో జ్వరం’ అని పేరు పెట్టుకున్న బ్యాండులో ఏడేళ్లు గిటారు వాయించినవాణ్ణి, ఆ సంగతి నాకు ఆ తల్లి వచ్చి చెప్పవలసి వచ్చింది.

ఆ పేరు సుగుణ పెట్టిందే. “మూడు జ్వరాలు దాటితే బతికినట్టు కాదప్పా, నాలుగోది దాటల్ల. ఆమీట అది తినే తిండి చూడు” అనేది. ఆమె మాలూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ బంగారుపేటలో గది తీసుకుని ఉండేది. నేను బెంగళూరు ఆఫీసుకు పోయే రైల్లోనే పరిచయం. ఒకనాడు కిటికీ పక్కన కూర్చుని గిటారు మీటుతుంటే, ఎదురు సీటులో నుంచి, “ఆ నాలుగో తీగ ఏడుస్తా ఉండాది, కొంచెం ఓదార్చు” అంది. తీగ బిగించాను. అక్కడి నుంచి మాలూరు దాకా ఇద్దరం పాడుతూనే పోయాం. ఆమె దిగాక బోగీ అంతా నన్ను చూసి నవ్వింది.

మొదటి పాటల్లో అన్నీ బెంగళూరు మాటలే. కాఫీ, లిఫ్టు, ఆఫీసు, ప్రేమ. గిటారు మీద గిటారు పెట్టి నేను ఊపిరాడకుండా నింపేవాణ్ణి. జనం ఎగిరారు. మరో పది అలాంటివే చేద్దామన్నాను. ఆమె మాత్రం మా డ్రమ్మరు సెల్వాన్ని పట్టుకుని, “ఈ సెట్టు పక్కన పెట్టన్నా. మీ తాత పలక యాడ ఉండాది?” అని అడిగింది. అటక మీద నుంచి దింపిన ఆ పలక డప్పును మంట దగ్గర కాచి సెల్వం ఒక్క దెబ్బ వేశాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చేతుల మీద వెంట్రుకలు లేస్తున్నాయి. అలా వచ్చిన రెండో విడత పాటలు వినండి. వాటిలో ఒకటి గనిలోకి దిగినవాడి గురించి. పాటంతటిలో అతని పేరు రాదు. ఇంట్లో అతని కోసం తీసిపెట్టిన అన్నం ఎలా చల్లారిందో మాత్రమే ఉంటుంది. “ఏడుపు మనం పాడకూడదు దాసూ. అన్నం పాడితే చాలు, ఏడ్చేవాళ్లు ఏడుస్తారు” అనేది.

ఆ తర్వాత ఒక ఆదివారం నన్ను పురుగుల షెడ్డుకు తీసుకుపోయింది. గడపలోనే ఆపేసింది.

“సెంటు కొట్టుకొని వచ్చినావా? పోయి తొట్టి దగ్గర కడుక్కో. నీ గిటారుకు చావవు కానీ, నీ సెంటుకు చస్తాయి.”

కడుక్కుని లోపలికి వెళ్లాను. బయట ఎండ కాస్తుంటే లోపల సన్నటి వాన. వేల పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు అది. నేను నోరు తెరుచుకుని నిలబడితే, ఆమె ఆ చప్పుడు మీదే మెల్లగా పాడింది:

*ఆకు వేసినాను, అలికిడి చెయ్యొద్దు,*
*తినేవాళ్లు తింటా ఉండారు, వాన అనుకోవద్దు.*

ఈ పాటలో ఆమె గొంతు, ఆ చప్పుడు తప్ప వేరేదేమీ వద్దంది. గొంతు రికార్డు చేశాం. పురుగుల చప్పుడు తర్వాతి పంటకు తీద్దామనుకున్నాం. నేను ఇంటికి వచ్చి దాని మీద గిటారు పరిచాను. విని, “ఈ ఒక్క పాటకు సుమ్నే ఉండప్పా” అంది, ఊరికే ఉండమని. గిటారు లేని పాటకు నేనెందుకని అడిగాను. జవాబు కోసం కాదు, నొప్పించడానికే. ఆరు నెలలు ఆ పాట నా కంప్యూటరులోనే ఉంది. ఎప్పుడు వదులుతామని ఆమె అడిగినప్పుడల్లా పని మిగిలిందన్నాను. పాత చర్మం విడవలేనిది నేనే. ఆమె పాటను కూడా అందులోనే బిగించి పెట్టాను.

ఇంత చిన్న వయసులో ఇన్నిసార్లు తనను తాను మార్చుకున్న కళాకారిణిని నేను మరొకరిని చూడలేదు. మెచ్చుకోలు దొరికిన చోట ఆమె ఒక్కనాడూ ఆగలేదు. పాట పాటకూ మాటలు తగ్గుతూ వచ్చాయి, అర్థం పెరుగుతూ వచ్చింది. ఆమె తర్వాతి పాట ఎలా ఉండేదో ఊహించడానికి కూడా మాకు శక్తి చాలదు. మాకు మిగిలిన లోటు అదే.

మట్టి చేసిన మర్నాడు పురుగులు జ్వరం నుంచి లేచాయి. చావు ఇల్లని అవి ఆకలి ఆపుకోవు. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. నేనూ సెల్వం వారం రోజులు పూటపూటా ఆకు కోసి, మోసి, తట్టల్లో పరిచాం. సెంటు సీసా కేజీఎఫ్‌లోనే వదిలి వచ్చాను. మూడో రోజు వాటి చప్పుడు రికార్డు చేశాను. పాటలో నుంచి నా గిటారును మొదటి నుంచి చివరిదాకా తీసేసి, ఆ చప్పుడును ఆమె గొంతు కింద పెట్టాను. నిన్న పాటను వదిలాం.

అందరికంటే ముందు నారాయణమ్మకు షెడ్డులోనే ఫోనులో వినిపించాను. కళ్లు మూసుకుని పూర్తిగా వింది.

“ఇందులో నువ్వు యాడ ఉండావప్పా?”

“నేను లేనమ్మా.”

“లేకేమి, వాళ్లు తినే ఆకు నువ్వు వేసిందే కదా” అంది. కొంగుతో ముఖం తుడుచుకుని తట్టల వైపు చూసింది. “ఆ కొసన అయిపోయింది చూడు. ఇంగో గంప తే పో.”

తెచ్చాను.