దీవిలో సాంచాల సైగ

నా భార్య పోయిన ఎనిమిది నెలలకు నా బిడ్డ నన్ను అండమాన్ తీసుకుపోయింది.

సిరిసిల్లలో మా ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. పవర్‌లూమ్‌ను మేం సాంచ అంటాం. ముప్పై ఏళ్లు ఆమె, నేను వాటి మధ్యే తిరిగాం. ఆమె పోయిన రోజు బంద్ చేశాను, మళ్లీ నడపలేదు. ఏడవలేదు కూడా. దినాలకు వచ్చినవాళ్లు నా గుండె గట్టిదని మెచ్చుకున్నారు. గట్టిదీ కాదు, మెత్తదీ కాదు, అందులో ఏమీ లేదు, అంతే.

కోరుట్లలో టీచరుగా పనిచేసే నా బిడ్డకు మాత్రం అది భయమైంది. "ఒక్కసారన్న ఏడ్వు బాపూ. అమ్మ ముచ్చట తియ్యి. గిట్ల రాయి లెక్క కూసుంటే నాకు బుగులైతంది" అంది. ఏడుపేమన్నా బోరింగు నీళ్లా, కొడితే రావడానికి? అనుకున్నాను. సముద్రం చూస్తే మనసు కరుగుతుందని ఆమెకెవరో చెప్పారట. సెలవు పెట్టి, టికెట్లు తీసి, ఆ తర్వాత నాకు చెప్పింది. వద్దనడానికి కూడా కొంత ఓపిక కావాలి. అది లేక ఆమె వెంట పోయాను.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో హేవ్‌లాక్ దీవికి చేరాం. ఓడ దిగగానే స్కూటర్లు కిరాయికి దొరుకుతాయి. బిడ్డ నడిపింది, నేను వెనక కూర్చున్నాను. అటూ ఇటూ పోకచెట్లు, మధ్యలో సన్నటి రోడ్డు. అక్కడ ఊళ్లనూ తీరాలనూ నంబర్లతో పిలుస్తారు. మూడు, అయిదు, ఏడు. మా సాంచాలకూ నంబర్లే. మూడో నంబరు నా భార్యది. ఎవరో ఇదే మూడో నంబరు ఊరు అంటే, నాకేమన్నా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. స్కూటరు సీటు గుచ్చుకుంటోందని మాత్రం తెలిసింది.

ఏడో నంబరు తీరంలో ఇసుక బియ్యప్పిండిలా తెల్లగా ఉంది.

"ఎట్లుంది బాపూ?"

"మంచిగనే ఉంది" అన్నాను. పక్కన గొడుగు కింద పడుకున్న జంట ఉలిక్కిపడి లేచింది. సాంచాల దగ్గర బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు.

అసలు షెడ్డులో ఎంత అరిచినా ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకే మావన్నీ చేతి సైగలు. వేళ్లు నోటి దగ్గర పెడితే తిందాం రమ్మని. రెండు చూపుడు వేళ్ల కొసలు కలిపి విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలితో చూపుడు వేలు నలిపితే, వస్తున్నా, అతుకుతా అని. నా సాంచ మీద పోగు తెగినా ఆమే వచ్చి అతికేది. నా ముడి లావుగా పడుతుందని ఆమె గొణుగుడు. ముప్పై ఏళ్లు గొణిగింది, నేనూ సన్నటి ముడి నేర్చుకోలేదు.

మూడో రోజు ఇంకో తీరానికి బయలుదేరాం. దానికి రోడ్డు లేదు, పడవలోనే పోవాలి. చిన్న మోటారు పడవ. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. బిడ్డ నాకెదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. ఇంజన్ మొదలైంది.

నాలుగు సాంచాలూ ఒక్కసారే నడిచినట్టు చప్పుడు. అందరూ చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం ఇంటికి వచ్చినట్టనిపించింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే రెండు చూపుడు వేళ్లూ ఎత్తి, కలిపి, విడదీశాను. ఎడమవైపు చూశాను. ఆమె సాంచ ఎప్పుడూ నాకు ఎడమవైపే ఉండేది. అక్కడ నీళ్లున్నాయి.

బిడ్డ చూసింది. సాంచాల పక్కన చీర ఉయ్యాలలో పెరిగిన పిల్ల, ఏదీ మరిచిపోలేదు. వెంటనే వేలు నలిపింది. పడవవాడు కూర్చోమని చెయ్యి ఊపుతున్నా వినకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. నా జాకెట్ పట్టీలు ఒక్కొక్కటే లాగి చూసింది. వంగి చెప్పులు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. నా చెవిలో నోరు పెట్టి అరిచింది.

"ఏది తెగింది బాపూ?"

"మీ అమ్మ" అన్నాను.

ఆ మాట నాకే వినపడలేదు. కానీ షెడ్డులో పెరిగిన పిల్లకు పెదాలు చూస్తే చాలు. పట్టీ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. మా మనుషులు మాట్లాడినంత గట్టిగానే ఏడ్చాను. ఆ చప్పుడులో పడవలో ఎవరికీ వినపడలేదు.

తీరం వచ్చి ఇంజన్ ఆపేసరికి నేనింకా ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడు అందరికీ వినపడింది.