తమ్ముడి ఒంటిపూట

మొన్న ఆదివారం కలకత్తా పక్కన టికియాపారాలో మా తమ్ముడి షష్టిపూర్తికి వెళ్ళాను. మొదటి బంతిలో కూర్చుని, వంకాయకూర మళ్ళీ వడ్డించమని వాడు కేకేస్తుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరవయ్యేళ్ళవాడు అడిగి తినడంలో వింతేముందని మీకనిపించవచ్చు, కానీ వాడు ఇరవయ్యేళ్ళు దాటడమే అనుమానమైన రోజులు నేను చూశాను.

నాన్న అక్కడి రైలు షెడ్డులో పనిచేసేవాడు. పదో తరగతికొచ్చేసరికి నాకెందుకో తిండంటే భయం పట్టుకుంది. రెండు ముద్దలు వదిలేసరికే అమ్మ కనిపెట్టి, ఇలా చిక్కిపోతే పిల్లకి సంబంధాలెలా వస్తాయని గోలపెట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అమ్మ కంగారుకి కారణం ఏదైతేనేం, బతికి బట్టకట్టాను. కొన్నేళ్ళకి తమ్ముడి వంతు వచ్చింది. అఖాడాలో కుస్తీ నేర్చుకునే తోటి కుర్రాళ్ళు లడ్డూ అని ఏడిపిస్తుంటే, వాడు హనుమంతుడి పేరు చెప్పి శనివారాలు ఒంటిపూట మొదలుపెట్టాడు, తర్వాత మంగళవారాలు, చివరికి అన్ని వారాలూ. దవడలు లోపలికి పోయి, చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతుంటే, మా రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళంతా ఎంత నిష్ఠో అని మురిసిపోయి, వాణ్ణి చూసి నేర్చుకోమని తమ కొడుకులకి చెప్పేవారు. నాన్న ఆనందానికైతే పట్టపగ్గాల్లేవు.

నా కళ్ళు మాత్రం వాడు కప్పలేకపోయాడు. ఆ ఒక్కపూటా అన్నాన్ని కంచం అంచులకి పులిమి తిన్నట్టు చూపించడం, నేను ఎప్పుడో ఆడిన నాటకమే కదా! అమ్మతో చెప్పాను. అది ఆడపిల్లల రోగం, మగాడికెందుకొస్తుందని నాన్న కొట్టిపారేశాడు. అమ్మ ఆయనకి ఎదురుచెప్పడం నేను చూసింది అప్పుడే. “ఆడికేటైనా అయిపోతే మీ హనుమంతుడొచ్చి నాకింకో కొడుకునిస్తాడేటి?” అని, తెల్లారగానే వాణ్ణి కలకత్తా పెద్దాసుపత్రికి బస్సెక్కించింది. అక్కడ డాక్టరు ముందు, అన్నం చూస్తే భయమేస్తోందని ఒప్పుకుని వాడు భోరుమన్నాడు.

కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. మందులు ఒక ఎత్తు, వాడికి చెరోపక్కా కూర్చుని అమ్మా నేనూ ముద్దముద్దకీ చేసిన యుద్ధం ఒక ఎత్తు. గెలిచాం! ఆ మాట ఎన్నిసార్లన్నా నాకు తనివి తీరదు.

ఈమధ్య మా మనవడు తనకి మనసు బాగుండటం లేదని భోజనాల దగ్గర అందరి ముందూ ఏడిస్తే, మగపిల్లాడివి ఏడుపేమిటని ఒక్కరూ అనలేదు, వాళ్ళ నాన్నే దగ్గరికి లాక్కుని కళ్ళు తుడిచాడు. అది చూసి ఎంత పొంగిపోయానో! పొంగిపోతూనే దిగులుపడ్డాను. ఆ ఏడుపు ఏడవడానికి మా తమ్ముడు ఆసుపత్రి దాకా పోవలసి వచ్చింది.