కుట్టు మిషన్ వెళ్ళిన ఇల్లు

మా నాన్న చనిపోయిన నెలలోనే ఆయన పడుకున్న హాస్పిటల్ మంచాన్ని ఫొటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. మధురానగర్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఆ మంచం ముందు గదిలో సగం ఆక్రమించేది. అటూ ఇటూ తిరిగేటప్పుడు దాని చువ్వ మోకాలికి తగిలేది. తగిలినప్పుడల్లా నాన్న ఏమైనా అడుగుతున్నాడేమోనని తల తిప్పేదాన్ని. అందుకే అమ్మేశాను.

మంచం వెళ్ళిపోయినా ఫోన్లు ఆగలేదు. పంజగుట్ట పెద్దాసుపత్రిలో, "ఇక ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి" అని చెప్పించుకున్నవాళ్ళు, చేతితో తిప్పితే లేచే మంచం కోసం అదే పూట వెతుక్కుంటారు. ఇంతమంది ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. నేను రిసెప్షన్‌లో కూర్చునే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ అప్పటికే మూతపడింది. నాన్న జబ్బులో ఇంకో ఉద్యోగం చూసుకోలేదు. అలా ఈ వ్యాపారంలోకి వచ్చాను. మంచాలు, చక్రాల కుర్చీలు, వాకర్లు వాడి వదిలేసినవాళ్ళ దగ్గర కొనేదాన్ని. తుప్పు గీకించి, రంగు వేయించి, నా లాభం కలుపుకుని అమ్మేదాన్ని. హాస్టళ్ళు ఖాళీ చేసే పిల్లల దగ్గర కూలర్లు, టేబుళ్ళు కూడా తీసుకునేదాన్ని. వాళ్ళతో బేరం సరదాగా సాగేది. మంచాల దగ్గర మాత్రం ఎవరూ బేరం ఆడరు. కొనేవాళ్ళకీ ఓపిక ఉండదు, అమ్మేవాళ్ళకీ ఉండదు.

టైలరక్క ఇంటికి అలాంటి మంచమే ఒకటి తీసుకెళ్ళాను. పంజగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో, మేడ మీద ఒకటే గది. ఫోన్ చేసింది ఆమె భర్త, నేను అన్నా అని పిలిచేదాన్ని. అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తాడు. వాళ్ళది సిరిసిల్ల. ఇద్దరివీ నేత కుటుంబాలే. పిల్లలు లేరు. అక్క ఆ గదిలోనే బ్లౌజులు కుట్టి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నిటికీ టైలరక్క అయింది. నేను వెళ్ళేసరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో ఎవరో తెచ్చి పెట్టినట్టు ఉన్నాయి.

"మొదట సూదిల దారం ఎక్కలే," అని తనే చెప్పింది. "కండ్లు పోయినయ్ అనుకొని అద్దాలు తెచ్చుకున్న. కండ్లు కావు చెల్లె, వేళ్లు."

నరాల జబ్బు. చేతుల నుంచి మొదలై ఒళ్ళంతా పాకుతుందని, మందు లేదని డాక్టర్లు చెప్పేశారు.

ఆటో మనిషీ నేనూ మంచం బిగిస్తుంటే, తల ఎటు పెట్టాలా అని అన్న అడిగాడు. "మిషన్ కనబడకుంట పెట్టు," అంది అక్క. గది అంత చిన్నది. అటు తిప్పినా ఇటు తిప్పినా కిటికీ కింద ఉన్న కుట్టు మిషన్ కనిపిస్తూనే ఉంది. అక్క కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"చెల్లె, నువ్వు పాతయి కొని అమ్ముతవు కదా. గా మిషన్ సుత తీస్కపో."

"ఏం మాట్లాడుతున్నవ్?" అన్నాడు అన్న. "రోగం తక్కువైనంక మళ్ల కుట్టవా?"

"తక్కువ కాదు. డాక్టర్ చెప్పింది నువ్వు సుత విన్నవ్."

అన్న బయటికెళ్ళి మెట్ల మీద నిలబడ్డాడు. అక్క మాత్రం మామూలుగానే చెప్పుకుపోయింది. "మా బాపు మగ్గం ఆగినంక ఇంట్ల దానిమీద తడిబట్టలు ఆరేసేటోళ్లు. బాపు గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. నా మిషన్ మీద బట్టలు ఆరేస్తే నేను చూడలేను. దుకాణపోళ్లకు ఇయ్యకు. కుట్టుకునేటోళ్లకే ఇయ్యి."

మంచం తెచ్చిన ఆటోలోనే మిషన్ మా ఇంటికి బయల్దేరింది. దాన్ని దించుతున్నంతసేపూ అన్న సాయం పట్టాడు గానీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ప్రకటన పెడితే చాలామంది అడిగారు. బోరబండ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చాను. భర్త రంగులు వేసే పనికి పోతాడు, ఆ పని వానాకాలమంతా ఉండదు. కవర్లో గుడ్డ ముక్కలు తెచ్చుకుని, మా ముందు గదిలో నేల మీద కూర్చుని కుట్టి చూసుకుంది. మోటార్ చప్పుడు వింటూ నవ్వింది. నా లాభం నేను వేసుకునే అమ్మాను. అక్కకూ ఆ సంగతి తెలుసు.

మంచంతో పాటు ఇచ్చిన గాలి పరుపు పంపు మార్చాల్సి వచ్చి మళ్ళీ పంజగుట్ట వెళ్ళాను. అక్క మొట్టమొదట అడిగిన మాట, "ఎవరు కొన్నరు?" చెప్పాను. "నూనె పోస్తుందా? రాత్రిపూట బట్ట కప్పుతుందా?" నాకేం తెలుస్తుంది. అక్కడే కూర్చుని ఆ అమ్మాయికి ఫోన్ చేసి, మిషన్ నడుస్తుండగా వీడియో పంపమన్నాను. పంపింది. ఫోన్ అక్క ముఖం ముందు పెడితే ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుని విన్నది.

"బెల్టు జర గట్టిగ బిగించింది. ఒదులు చేయమను," అంది. తర్వాత, "ఇంకోసారి పెట్టు," అంది. ఎన్నిసార్లు పెట్టించుకుందో.

ఆ తర్వాతి ఆదివారం బోరబండ అమ్మాయి నన్ను అడ్రస్ అడిగి, అక్క ఇంటికి తనే వచ్చింది. తను కుట్టిన బ్లౌజు ఒకటి తెచ్చింది. చంక దగ్గర లాగుతోందని, గిరాకీ తిట్టిందని చెప్పింది. అక్క ఆమెను మంచం అంచున కూర్చోబెట్టుకుని, ఎక్కడ విప్పాలో, ఎంత వదలాలో మాటలతోనే చెప్పింది. చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, గడ్డంతో చూపించింది. ఆ అమ్మాయి వారం వారం రావడం మొదలుపెట్టింది. నేనూ వెళ్ళేదాన్ని. పంపు చూడాలనో, కొత్త దుప్పటి తెచ్చాననో ఏదో ఒక వంక. అసలు సంగతి వేరు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే అక్క, "తిన్నవా చెల్లె?" అని అడిగేది. నాన్న పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"తిన్నానక్కా," అంటే నమ్మేది కాదు. "ముఖం చూస్తే తెల్వదా. అన్నం పెట్టుకో, గిన్నెల ఉన్నది," అనేది. అన్న కంచం తెచ్చి ఇచ్చేవాడు. అప్పటికి నాతో మాట్లాడుతున్నాడు. మిషన్ మీద కోపం నా మీద ఎక్కువ రోజులు నిలుపుకోలేకపోయాడు.

ఎండాకాలం వెళ్ళేసరికి అక్క మాట ముద్దగా అయింది. అన్నకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన పక్కన కూర్చుని ఒక్కో మాటా మాకు విప్పి చెప్పేవాడు. తర్వాత తర్వాత ఆయనా తలవంచుకుని, "ఏం అంటున్నవో తెల్వట్లే," అనేవాడు. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు అక్క ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకునే చెయ్యి లేదు. ఆయన తుడిచాడు. బోరబండ అమ్మాయి మాత్రం రావడం మానలేదు. కుట్టినవి తెచ్చి ఆమె కళ్ళ ముందు తిప్పి చూపించేది. బాగుంటే అక్క రెప్ప వేసేది. బాగాలేకపోతే ఆ కుట్టు దగ్గరే చూపు ఆపి ఉంచేది.

ఖైరతాబాద్ వినాయకుడి నిమజ్జనం అయిన వారంలో, పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, మంచం తీస్కపో," అన్నాడు. అంతే.

ఈ మాట నేను ఎంతోమంది నోట విన్నాను. విని, ఎప్పుడు రమ్మంటారండీ అని అడిగి, ఆటో మాట్లాడుకునేదాన్ని. ఆ రోజు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. రాత్రికి రాత్రే ఆమెను సిరిసిల్ల తీసుకెళ్ళి, అన్నీ చేసి, తిరిగి వచ్చాక నాకు చెప్తున్నాడు. ఆమె చివరి చూపు నాకు దక్కలేదు. ఎందుకు చెప్పలేదని అడిగే హక్కు నాకుందా? వాళ్ళింటికి మంచం అమ్మినదాన్ని నేను.

వెళ్ళేసరికి దుప్పట్లు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. గాలి పరుపు గాలి తీసి చుట్టి పెట్టాడు. ఆటో మనిషి మంచం విప్పుతుంటే అన్న కిటికీ కింద, మిషన్ ఉండే చోట చతికిలపడి కూర్చున్నాడు.

"నాకు పైసలేం వద్దు. మిషన్ తెచ్చియ్యి," అన్నాడు.

"అన్నా, అది ఆ అమ్మాయికి అమ్మేశాం కదా."

"నాకెరుకే. జర అడుగు."

సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. చాలాసేపు అటు నుంచి ఏడుపే వినిపించింది. "అన్న అడిగితే ఇయ్యనని ఎట్లంటా అక్కా," అంది చివరికి. "కాని ఇంట్ల అందరం దానిమీదనే బతుకుతున్నం. బతుకమ్మకని అందరి బట్టలు ఒప్పుకున్న." ఇంకో మంచి మిషన్ వెతికి ఇస్తానన్నాను. అది నా పనే కాబట్టి దొరుకుతుంది. "గట్లయితే తీస్కపొమ్మను," అంది.

అన్నకు చెప్తే, ముందు ఒకసారి చూస్తానన్నాడు. నా స్కూటీ మీద బోరబండ తీసుకెళ్ళాను. రేకుల ఇల్లు. మిషన్‌ని వాకిట్లో వెలుతురుకు పెట్టుకుని కుడుతోంది. మమ్మల్ని చూసి గబుక్కున లేవబోయింది.

"ఆపకు," అన్నాడు అన్న. "ఒప్పుకున్నయి ఉన్నయట కదా."

ఆమె మళ్ళీ కూర్చుంది. కాసేపటికి పనిలో పడింది. కుట్టు చివరికి రాగానే కుడి అరచేతిని చక్రం మీద మెత్తగా ఆనించి ఆపింది. దారం తెంపి, గుడ్డ తిప్పి, మళ్ళీ నడిపి, మళ్ళీ అరచేత్తోనే ఆపింది. అన్న ముఖం మారిపోయింది.

"గట్ల ఆపుడు ఎవరు నేర్పిండ్రు?"

"అక్కనే చెప్పింది. గుంజి ఆపకు, చెయ్యి పెడితే అదే ఆగుతది అన్నది."

ఆయన మిషన్ దగ్గరికి వెళ్ళాడు. చెక్క బల్ల అంచున, అక్క మణికట్టు ఆనీ ఆనీ రంగు పోయిన చోట వేళ్ళు పెట్టాడు. ఆ అమ్మాయి తలెత్తలేదు. లోపల్నుంచి వాళ్ళ అత్త నీళ్ళు తెచ్చి నిలబడింది. ఆయనకు ఆ గ్లాసు కనిపించలేదు.

"ఉండనీ," అన్నాడు. "గిక్కడనే ఉండనీ." ఆ అమ్మాయి తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, వెనక్కి చూడకుండా సందులోకి నడిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు అమీర్‌పేట సిగ్నల్ దగ్గర దిగుతానన్నాడు. ఇల్లు ఇంకా దూరం. దింపుతానంటే వద్దన్నాడు. చుట్టూ బళ్ళు హారన్లు కొడుతుంటే స్కూటీ పక్కన నిలబడి అడిగాడు.

"ఇంటికి పోయి నేనేం చెయ్యాలె చెల్లె? అన్నం తినిపించేది లేదు, పక్క మార్చేది లేదు. ఇన్నిరోజులు గదే పని."

మా ఇంటికి రండి, అన్నం తిందాం అన్నాను. తల అడ్డంగా ఊపి మెట్రో స్తంభాల కింద నుంచి నడిచి వెళ్ళిపోయాడు.

బతుకమ్మ పండగ అయ్యాక ఒకరోజు పళ్ళు కొనుక్కుని పంజగుట్ట వెళ్ళాను. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ చెప్పింది. "ఊరికి పోయిండు బిడ్డా. సామాన్లన్ని ఎవరో వచ్చి కొనుక్కపోయిండ్రు. ఫ్రిజ్, బీరువా, గిన్నెలు సుత."

పాత సామాన్లు కొనే నన్ను పిలవకుండా ఇంకెవరికో అమ్మాడని ముందు మనసు చివుక్కుమంది. తర్వాత, ఆ అన్నం గిన్నెకు నేను వెల కట్టడం, ఆయన ఆ డబ్బు తీసుకోవడం ఊహించుకుంటే, నన్నెందుకు పిలవలేదో అర్థమైంది. ఫోన్ చేశాను. ఆ నంబర్ పనిచేయడం లేదు. జిరాక్స్ షాపులో అడిగితే, సిరిసిల్లలో ఎక్కడో వాళ్ళకూ తెలియదన్నారు.

పళ్ళు ఓనరమ్మకు ఇచ్చేశాను. మళ్ళీ మేడెక్కి, ఖాళీ గది ముందు, ఆ రోజు అన్న నిలబడ్డ మెట్ల మీద కూర్చున్నాను. నాన్న పోయినప్పుడు మంచం అమ్మడం, గది కడగడం, ఫోన్లకు జవాబు చెప్పడం, ఇలా ఏదో ఒక పని ఉంది. ఇక్కడ నాకు చేయడానికి ఏ పనీ మిగల్లేదు. అక్కడే కూర్చుని నాన్న కోసమూ అక్క కోసమూ ఏడ్చాను. ఓనరమ్మ పైకి వచ్చి పక్కనే కూర్చుంది.