బతికుండాయా, చచ్చినాయా

నాయన కర్మ ముగిసిన మరుసటి రోజే చిత్తూరులో బస్సెక్కి తిరుపతికి వచ్చేసినాను. నేను పనిచేసేది పళ్ల ఆస్పత్రి ల్యాబ్‌లో. పంటి వేరు లోపలి నుంచి తీసిన తడిని పరీక్షించి, క్రిములున్నాయో లేదో చెప్పాలి. సెలవు పొడిగించుకోమన్నారు అందరూ. ఇంట్లో ఉన్నా ఏడుపు రావడం లేదు. ఇక్కడైతే చేతులకు పనైనా ఉంటుందనుకున్నాను.

ఆ పొద్దు నగరి నుంచి మరమగ్గం నేసే ఒకామె వచ్చింది. కింది దవడ పంటికి రూట్ కెనాల్ సగంలో ఉండింది. వేరు కడిగి, మందు పెట్టి, పైపైన మూసినారు. వాపు తగ్గింది, నొప్పి పోయింది. అయినా నా పరీక్షలో రెండుసార్లూ క్రిములు కనిపించినాయి. అందుకే డాక్టరమ్మ పన్ను పూర్తిగా మూయకుండా మళ్లీ రమ్మంటా ఉండింది.

"ఇది మూడో తూరి పాపా. ఇంగ పీకి పారేయమని చెప్పు," అనింది ఆమె.

"క్రిములు ఇంకా కనిపిస్తా ఉండాయి అక్కా."

"బతికుండాయా, చచ్చినాయా?"

మా పరీక్ష వెతికేది క్రిమి డీఎన్ఏని. క్రిమి చచ్చినా అది కొన్నాళ్లు అక్కడే పడి ఉంటుంది. తెలిసిన సంగతే, ఆమె అడిగేదాకా పట్టించుకోలేదు.

చచ్చిన కణాల్లోకి మాత్రమే దూరే రంగు ఒకటి మా ఫ్రిజ్‌లో ఉండింది. వెలుతురు పడితే అది ఆ డీఎన్ఏకి అతుక్కుని, పరీక్షకు అందకుండా చేస్తుంది; ఇంక బతికున్నవాటిదే కనిపిస్తుంది. డాక్టరమ్మను అడిగి, కొత్తగా తీసిన తడిని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో రంగు కలిపినాను. ఆమెను సాయంత్రం దాకా ఉండమన్నాం.

మిషన్ తెర మీద, రంగు లేనిదాంట్లో డీఎన్ఏని చూపే గీత నిటారుగా లేచింది. రంగు కలిపినదాంట్లో నేలబారుగా సాగి, చివర్లో కొంచెం కదిలింది.

"దాదాపు అన్నీ చచ్చినాయి," అని చెప్పినాను.

డాక్టరమ్మ పన్ను తట్టి చూసి, సూదేసి, లోపల శుభ్రం చేసి మూసేసింది. బయటికొచ్చి నగరి ఆమె నవ్వింది, తిమ్మిరికి మూతి ఒకపక్కే కదిలింది. నాకు తిరిగి నవ్వడం రాలేదు.

"ఏం పాపా, ఒంట్లో బాగలేదా?"

"మా నాయన పోయినాడు అక్కా."

ఆ మాట నోటితో అనడం అదే మొదలు. అన్నాక కూడా ఏమీ అనిపించలేదు. ఆమె బస్సు టైమైనా పోకుండా నా పక్కన బల్ల మీద కూర్చునింది.

ఆరు నెలల తర్వాత ఎక్సరేలో, వేరు కింద కరిగిన ఎముక మళ్లీ నిండుతా కనిపించింది. "ఇప్పుడు ఆ పక్కనే నములుతాండా," అనింది ఆమె. మంచిదక్కా అన్నాను.