హీరోగారి ఊపిరి

కరోనా సద్దుమణిగి స్టూడియోలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, మే నెలలో, నోయిడాలోని ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో నాకు ఒక విదేశీ సైన్స్ ఫిక్షన్ సినిమా అప్పగించారు. తెలుగుకు నేను వాయిస్ డైరెక్టర్‌ని. అంటే ఏ పాత్రకు ఏ గొంతు కావాలో ఎంచడం, మైకు ముందు నిలబడ్డ ఆర్టిస్టు చేత గాజు అద్దానికి ఇవతల కూర్చుని చెప్పించుకోవడం, చివరికి ఎవరి మాట జారినా తిట్లు నేను తినడం. మావారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం పుణ్యమా అని దేశ రాజధానికి వచ్చి సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో కాపురం పెట్టినదాన్ని, రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌గా మొదలై, డాక్యుమెంటరీలు, కార్టూన్ల మీదుగా ఈ కుర్చీలోకి వచ్చాను. రిటైరయ్యే ముందు నేను చేసిన చివరి పెద్ద సినిమా అదే.

కథ చిన్నది. వానలు కురవని కాలంలో ఒకతను కొండ మీద నీళ్ల ట్యాంకుకు కాపలా కాస్తూ, కింది ఊరికి రోజూ నీళ్లు వదులుతుంటాడు. ఆ ఊళ్లో మనుషుల మధ్య ఒక కృత్రిమ మానవుడు తిరుగుతున్నాడని పుకారు పుడుతుంది. ఊరంతా ఒకరినొకరు అనుమానిస్తారు. చూసేవాళ్లు మాత్రం హీరోనే అనుమానిస్తారు. అతను మనిషా, తయారు చేసినవాడా అన్నది సినిమా తేల్చదు. దర్శకుడు కూడా ఎక్కడా నోరు విప్పలేదు. పైగా డబ్బింగ్ చేసేవాళ్లు ఏ వైపూ మొగ్గకూడదని ఒప్పందంలోనే రాయించాడు.

హీరో గొంతుకు ప్రభాకర్‌ను తీసుకున్నాను. వరంగల్ వాడు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ పనిలో పడ్డాడు. అప్పటిదాకా అతనికి దక్కినవి మూడో పోలీసు, బస్సు కండక్టరు, కార్టూన్లో ఎలుగుబంటి. అత్తవారింట్లో అతను ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మాట మార్చేవారట. ఈ పాత్ర వచ్చిందని తెలియగానే చిన్న కూతురు మెట్రోలో "మేరే పాపా హీరో బన్ గయే!" అని అరిచిందని, సిగ్గుపడుతూనే చెప్పి మురిసిపోయాడు.

మా పనిలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. మాట కంటే ముందు ఊపిరి. తెర మీద మనిషి గాలి పీల్చుకుని మాట ఎత్తుకుంటాడు. ఆర్టిస్టు కూడా సరిగ్గా అక్కడే పీల్చాలి. లేకపోతే మాట పెదవుల మీద పడకుండా ఇంకెక్కడి నుంచో వచ్చినట్టు ఉంటుంది. కొత్తవాళ్లకు నేను మొదట నేర్పేది అదే. అలాంటిది, ప్రభాకర్ కొన్ని సీన్లలో చక్కగా ఊపిరి తీస్తున్నాడు, కొన్నిట్లో అసలు తీయడం లేదు. ఏమిటిది అని అడిగాను. చప్పుడు వస్తుందని ఏసీ ఆపేసిన గదిలో చెమటలు కక్కుతూ నిలబడి, "ఆయన తీస్తలేడు మేడమ్. ఆయన తీయంది నేనెట్ల తీస్త?" అన్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తెర మీది నటుడి అసలు గొంతు విన్నాను. నిజమే. ఆ నటుడి ధోరణే అంత కాబోలు అనుకుని, ఉన్నది ఉన్నట్టే చేయించాను.

రికార్డింగ్ పంపించాక కొద్ది రోజులకు గుర్‌గావ్ నుంచి సచ్‌దేవా ఫోన్ చేశాడు. పంపిణీ సంస్థలో నాణ్యత చూసే అధికారి ఆయన. ఆయన సరే అంటే తప్ప ఏ భాషలోనూ సినిమా బయటికి పోదు. ఆయనకు తెలుగు ముక్క రాదు. అయితేనేం, ఊపిరి వినడానికి భాష అక్కర్లేదు కదా! హీరో ఒకచోట ఊపిరి తీస్తాడు, ఇంకోచోట తీయడు, ఇదంతా నేర్చుకునేవాడి పని, గొంతు మార్చండి అన్నాడు. హిందీ డబ్బింగ్‌లో ఊపిరి మొదటి నుంచి చివరిదాకా నిండుగా ఉందట, విని నేర్చుకోమన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ప్రభాకర్‌కు చెప్పక తప్పలేదు. అతని ముఖం పాలిపోయింది. "ఇంట్ల అందరికీ చెప్పుకున్న మేడమ్" అన్నాడు. మా సౌండ్ ఇంజనీర్ పంకజ్ ఒక దారి చూపించాడు. వేరే సీన్లలో ప్రభాకర్ తీసిన ఊపిరినే కత్తిరించి లేనిచోట అతికించేస్తే సాయంత్రానికి పని తీరిపోతుంది, గొంతు మార్చే పనీ ఉండదు. "దీదీ, కిసీ కో పతా నహీ చలేగా" అని, ఎవరికీ తెలిసిపోదని భరోసా ఇచ్చాడు. ప్రభాకర్ కూడా ఆశగా తల ఊపాడు, అతికించేయండి, నా గొంతుంటే చాలన్నాడు. అతని మీద జాలి కలిగింది. అయినా మనసు ఒప్పలేదు. లేనిదాన్ని ఎందుకు లేదో తెలుసుకోకుండా పెట్టేయడం ఏం పని? "ఆగండర్రా, ముందు విందాం" అని ఇద్దర్నీ కూర్చోబెట్టాను.

సంగీతం, చప్పుళ్లు అన్నీ మూసేసి, ఆ విదేశీ నటుడి గొంతు ఒక్కటే మొదటి నుంచి వినడం మొదలుపెట్టాం. కాసేపటికి కొండ సీను వచ్చింది. హీరో భుజాన నీళ్ల డబ్బా వేసుకుని, మండుటెండలో నిటారు కొండ ఎక్కుతూ తనలో తాను మాట్లాడుకుంటుంటాడు. ఆయాసం లేదు. ఒక్క ఊపిరి కూడా లేదు. పైకి చేరాడు. గుడిసెలోంచి ఒక ముసలావిడ తలుపు తీసింది. అప్పుడు మొదలైంది రొప్పడం!

"ఓరి నాయనో!" అని కుర్చీలోంచి లేచిపోయాను. వెనక్కి తిప్పమని మళ్లీ విన్నాను. మిగతా సీన్లన్నీ వరసగా విన్నాం. ఎదుట ఎవరైనా ఉంటే ఊపిరి తీస్తాడు. ఒంటరిగా ఉంటే తీయడు. చివరి సీను ఒక్కటి తప్ప సినిమా అంతా ఇదే తీరు. నలుగురి ముందు మనిషిలా కనపడాల్సి వచ్చినప్పుడే అతను గాలి పీలుస్తున్నాడు. దర్శకుడు ఏ మాటలోనూ చెప్పని సంగతిని సంగీతం కింద దాచిపెడితే, మేం దాన్ని తప్పనుకుని పూడ్చేయబోయాం. ప్రభాకర్ హెడ్‌ఫోన్స్ తీసి, "అంటే నేను కరెక్టే చేసిన్నా మేడమ్?" అన్నాడు. బంగారంలా చేశావు నాయనా అన్నాను. పంకజ్ అతన్ని వాటేసుకుని గదిలో ఒక చుట్టు తిప్పాడు.

మర్నాడు ముగ్గురం గుర్‌గావ్ వెళ్లాం. సచ్‌దేవాతో వాదన పెట్టుకోలేదు. కొండ సీను ముందు అసలుది వినిపించాను, తర్వాత మాది, ఆ తర్వాత ఆయన మెచ్చుకున్న హిందీది. హిందీ హీరో పాపం కొండెక్కినంతసేపూ గానుగెద్దులా రొప్పాడు. సచ్‌దేవా ముఖంలో రంగులు మారాయి. "అచ్ఛా! తో యే ఇన్సాన్ హై హీ నహీ!" అని బల్ల చరిచాడు. హీరో కృత్రిమ మానవుడేనని తేల్చేశాడు.

అప్పుడు చివరి సీను పెట్టాను. ఊరు ఖాళీ అయిపోయింది. ట్యాంకు పక్కన హీరో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కనుచూపు మేరలో ఎవరూ లేరు. మాట లేదు. ఒకే ఒక్క నిట్టూర్పు. హిందీలో అది లేదు, మాటలు లేని సీను కదా అని వాళ్లు గొంతే పెట్టలేదు. ప్రభాకర్ పెట్టాడు. "తో ఫిర్?" అన్నాడు సచ్‌దేవా అయోమయంగా. ఏమో సార్, తేల్చడం మన పని కాదు, తేలకుండా కాపాడటమే మన పని అన్నాను.

ఆయన మొండివాడే గాని, మూర్ఖుడు కాదు. అక్కడికక్కడే దర్శకుడి ఆఫీసుకు రాశాడు. ఆ వారంలోనే జవాబు వచ్చింది. తెలుగును ముట్టుకోవద్దు, మిగతా భాషల్లో హీరో గొంతు మళ్లీ చేయించండి. హిందీ వాళ్లు మళ్లీ మైకు ముందు నిలబడ్డారన్న కబురు విని నేను స్టూడియో అందరికీ జిలేబీలు తెప్పించాను. దాచుకోవడం ఎందుకు, మహా సంబరపడ్డాను. సచ్‌దేవా ప్రభాకర్‌కు స్వయంగా ఫోన్ చేశాడు. సారీ అనలేదు గాని, "ప్రభాకర్ జీ" అన్నాడు.

నోయిడా పక్కనే ఉన్న వైశాలిలో ఒక మాల్‌లో ఆదివారం తెలుగు షో పడితే అందరం వెళ్లాం. ప్రభాకర్ అత్తమామలు కూడా వచ్చారు. చివర్లో అతని పేరు పడేదాకా వాళ్లు సీట్లోంచి లేవలేదు. బయట ఎస్కలేటర్ దగ్గర ఇద్దరు తెలుగు ఆంటీలు పోట్లాడుకుంటున్నారు. "కొండెక్కినా ఆయాసం రాలేదు, వాడు మనిషెలా అవుతాడండీ?" అని ఒకావిడ. "ఎవరూ లేనప్పుడు నిట్టూర్చాడుగా, అది ఎవరికి చూపించడానికట?" అని రెండో ఆవిడ. ప్రభాకర్ కూతురు తండ్రి ఛాతీకి చెవి ఆనించి, "పాపా తో అస్లీ హై" అని, నాన్న మాత్రం అసలు మనిషేనని ప్రకటించింది.

నన్ను కూడా చాలామంది అడిగారు, ఇంతకీ హీరో మనిషేనా అని. నాకు తెలియదు. తెలిసిందల్లా ఇది. తప్పులా కనిపించేది ఒకే తీరుగా వస్తుంటే, అది తప్పు కాకపోవచ్చు. దిద్దే ముందు ఎందుకుందో చూడాలి. ఆ తర్వాత పని చేసినన్నాళ్లూ, ఊపిరి ఎక్కడ తీయాలో నేను ఏ కొత్త ఆర్టిస్టుకూ ముందుగా చెప్పలేదు. హెడ్‌ఫోన్స్ చేతికిచ్చి, ముందు విను అన్నాను.