మిర్యా కారు నిలిపే చోటు

మిర్యా కేరనెన్ మైకు పట్టుకుందంటే కూర్నవార విమానాశ్రయంలో ఉన్న నలుగురూ తలెత్తి చూసేవారు. నలుగురని మాటవరసకు అనడం లేదు. చాలా రోజుల్లో నిజంగానే నలుగురు. వాళ్ళు కూర్చునేది ఆమె కౌంటర్ ఎదురుగానే, తాగేది ఆమె పోసిన కాఫీయే. అయినా సరే, వేళ కాగానే మిర్యా ఏప్రాన్ విప్పి, గొంతు సవరించుకుని, "హెల్సింకీ వెళ్ళే ప్రయాణికులు దయచేసి ద్వారం దగ్గరకు రావాలి" అని మైకులోనే చెప్పేది.

"ఎందుకమ్మాయ్ ఆ మైకు? ఇటు తిరిగి చెప్తే మాకు వినబడదా?" అని ఒక ముసలావిడ ఓసారి అడగనే అడిగింది.

"వినబడుతుంది పెద్దమ్మా. కానీ నేను చెప్తే అది నా మాట. మైకులో చెప్తే విమానాశ్రయం మాట."

ఆ పట్టింపు ఆమెకు ఊరికే రాలేదు. ఇసుక దిబ్బ మీద పైన్ చెట్లు కొట్టి రన్‌వే వేస్తున్న రోజుల్లో ఆమె తండ్రి గుర్రబ్బండి మీద కంకర తోలాడు. మొదటి విమానం వచ్చిన రోజు బడికి సెలవిచ్చారు. తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన మిర్యాకు విమానం రెక్కలు గుర్తులేవు గానీ, ఆయన అన్న మాట మాత్రం గుర్తుంది. "చూశావా తల్లీ, అది దిగింది నా కంకర మీద." ఆ తర్వాత ఆ కంకర మీద ఎందరో దిగారు. కాగితం మిల్లు జోరుగా నడిచిన కాలంలో పొద్దున ఒక విమానం, సాయంత్రం ఒకటి, నిండా కోట్లు వేసుకున్న మగవాళ్ళు. మిల్లు మూతపడ్డాక కోట్లు కనబడటం మానేశాయి. సాయంత్రం విమానం ముందు పోయింది. తర్వాత మనుషులు పోయారు. టికెట్లు చూసే అమ్మాయిని తీసేశారు, ఆ పని మిర్యాకిచ్చారు. సామాను తూచే అతను మానేశాడు, అదీ మిర్యాకే. పెట్టె తూచి, చీటీ కట్టి, ఆ వెంటనే ఏప్రాన్ తొడుక్కుని అదే మనిషికి కాఫీ, యాలకుల బన్ను ఇచ్చేది. మొదటిసారి వచ్చినవాళ్ళు, మీకు అక్కచెల్లెళ్ళున్నారా అని అడిగేవారు.

బయటి పనంతా తౌనోది. రన్‌వే మీద మంచు తోయడం, నిప్పు పుడితే ఆర్పే బండి నడపడం, దారి తప్పి వచ్చిన దుప్పిని అడవిలోకి తరమడం, పెట్టెలు విమానంలోకి ఎక్కించడం, అన్నీ అతనే. మనిషి పొడుగు, మాట పొట్టి. అతను నోరు విప్పి వరసగా మూడు వాక్యాలు చెప్పినట్టు మిర్యాకు ఒకేసారి గుర్తు. ముందు ఇచ్చిన పెట్టెని అన్నిటికంటే లోపలికి తోసి, ఆఖరున ఇచ్చినదాన్ని తలుపు దగ్గర ఎందుకు పెడతావని ఆమె అడిగింది.

"ముందొచ్చినోడు నిదానం మనిషి" అన్నాడు తౌనో. "ఆఖర్న ఉరికొచ్చినోడు దిగాక కూడా కంగారుపడతాడు. వాడిది ముందు చేతికిస్తే ఓ గొడవ వదిలిపోద్ది."

ఆ పద్ధతి అతనెన్నడూ తప్పలేదు. ఒకసారి మిల్లు పెద్దాయన పెట్టెని తలుపు దగ్గర పెట్టమంటే, విననట్టే ఊరుకుని లోపలికే తోశాడు.

విమానం వెళ్ళాక ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగేవారు. ఇరవై ఏళ్ళకు పైగా అదే బల్ల. ఆమెకు పెళ్ళి కాలేదు. తల్లిని చూసుకుంటూ ఉండగానే వయసు జారిపోయింది. అతనికీ కాలేదు, కారణం ఎవరూ అడగలేదు, అతను చెప్పే రకమూ కాదు. ఊళ్ళో వాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత ఎదురుచూశారు, చివరికి విసుగొచ్చి మర్చిపోయారు. మిర్యా మాత్రం మర్చిపోలేదు. ఏదో ఒక రోజు ఈ మనిషి కప్పు కింద పెట్టి ఒక మాట అంటాడని ఆమె మనసులో ఉండేది. ఆ రోజు రాలేదు.

అంతలో విమానాలకే మంగళం పాడారు. చలికాలం చివర ఒక ఆదివారం ఆఖరి ప్రయాణికుల విమానం. ఆ తర్వాత రోగుల్ని తీసుకెళ్ళే విమానాలు, ఎండాకాలంలో అడవి మంటల్ని కనిపెట్టే చిన్న విమానాలు మాత్రం దిగుతాయట. వాటికి తౌనో ఉంటే చాలు. మిర్యాకు హెల్సింకీలోని పెద్ద విమానాశ్రయంలో కౌంటర్ ఉద్యోగం ఇస్తామన్నారు. లేదంటే ఇక్కడి బడి వంటశాలలో సగం పూట పని ఉంది. ఆమెకు ఊరు వదలాలని లేదు. ఒక్కళ్ళు, ఒకే ఒక్కళ్ళు ఉండమని అంటే బడిలో సూప్ గిన్నెలు తోముకుంటూనైనా ఉండేది. ఆ ఒక్కళ్ళు ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు.

అందుకే అతని చెవిన వేసింది.

"హెల్సింకీలో పనిస్తామంటున్నారు, తౌనో."

"ఓహో."

"వెళ్దామనుకుంటున్నా."

"మ్."

"అంతేనా? ఇంకేం అనవా?"

తౌనో కప్పులోకి చూశాడు. "పెద్ద చోటు. లోపల వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

మిర్యా ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, బూట్లు కూడా విప్పకుండా కూర్చుని ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది. కూర్నవారలో ఇంకొకరి నిర్ణయంలో వేలు పెట్టడం వాళ్ళ బీరువాలో చెయ్యి పెట్టడంతో సమానం, ఆ సంగతి ఆమెకూ తెలుసు. పక్కింటాయన పొరపాటున ఇంటికి ఊదా రంగు వేయిస్తున్నా ఎవరూ నోరు మెదపరు, ఆయన ఇల్లు ఆయనిష్టం. అయినా ఇది ఇంటి రంగు కాదు కదా! మర్నాడే హెల్సింకీకి సరేనని చెప్పేసింది. కారు చెల్లెలి షెడ్డులో పెట్టింది. ఆఖరి విమానంలోనే తనకూ టికెట్టు తీసుకుంది.

ఆ ఆదివారం పొద్దున మిర్యా అందరికంటే ముందు, ఊళ్ళో టాక్సీ నడిపే పిర్యో బండిలో విమానాశ్రయానికి వచ్చింది. శనివారమంతా మంచు కురిసింది. ఆవరణలో చీలమండ లోతు తెల్లగా పడి ఉంది. గోడ వారగా, దీపస్తంభం పక్కన, మిర్యా రోజూ కారు నిలిపే చోటు మాత్రం నేల కనబడేలా శుభ్రంగా ఉంది. ఒక కారు పట్టేంత మేర, అంచులు పారతో చెక్కినట్టు తిన్నగా.

అదేమీ ఆమెకు కొత్త కాదు. ఎప్పుడొచ్చినా ఆ చోటు అలాగే ఉండేది. పైనుంచి ఎన్ని కోతలు పెట్టినా ఈ ఒక్క సేవ మాత్రం మన విమానాశ్రయం మర్యాదగా చేస్తుందని కాఫీ బల్ల దగ్గర తౌనోతోనే ఎన్నోసార్లు మెచ్చుకుంది. అతను "మ్" అనేవాడు.

"ఆదివారం కూడా పనిలోకి దిగావా, పిర్యో?" అంది దిగుతూ. ఆవరణలో మంచు తోసే గుత్త కూడా ఆ టాక్సీ పిర్యోదే.

"నేనా? ఆదివారం నన్ను చంపినా తొయ్యను" అంది పిర్యో.

"మరి నా చోటు?"

"ఆ మూల నేనెప్పుడూ ముట్టుకోలేదే. నేనొచ్చేసరికి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. నీకు ఒళ్ళు వంచి పనిచేసే పిచ్చి ఉందిగా, నువ్వే చేసుకుంటున్నావనుకున్నా. ఏంటే, అలా నిలబడిపోయావ్?"

మిర్యా దీపస్తంభం వైపు చూసింది. దానికి ఒక పార ఆనించి ఉంది. పిడికి గుడ్డపట్టీ చుట్టి ఉంది, తౌనో పనిముట్లన్నిటికీ చుట్టినట్టే. ఇవాళ తనకు కారే లేదు. తను ఇవాళ వెళ్ళిపోతోందని తెలిసీ తోశాడు.

లోపలికి వెళ్ళి తన పెట్టె తనే తూచుకుంది, చీటీ తనే కట్టుకుంది, బెల్టు మీద మొట్టమొదటి పెట్టెగా పెట్టింది. అలవాటైన పని కాబట్టి చేతులు చేసుకుపోయాయి. మనసు ఆ పార దగ్గరే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి ఊరంతా వచ్చింది. వెళ్ళేవాళ్ళు కొందరే, చూడటానికి వచ్చినవాళ్ళు హాలు నిండా. క్రీము కేకు కోశారు. ఊరి పెద్ద రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నాడు. అందరూ కేకు తింటూ కిటికీలోంచి మంచు చూశారు. కూర్నవారలో వీడ్కోలంటే అదే. విమానం దిగింది. తౌనో పెట్టెలు ఎక్కించాడు. మిర్యా మైకులో ఆఖరిసారి పిలిచింది. ప్రయాణికులు మంచులో నడుచుకుంటూ వెళ్ళి ఎక్కారు. ఇక ఆమె కోటు తొడుక్కుని వెళ్ళడమే మిగిలింది.

కోటు తొడుక్కుంది. కదల్లేదు. మళ్ళీ మైకు తీసుకుంది.

"ప్రయాణికురాలు మిర్యా కేరనెన్ వెంటనే ద్వారం దగ్గరకు రావాలి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మిర్యా నవ్వలేదు. పద్ధతి ప్రకారం కాసేపు ఆగింది. "ప్రయాణికురాలు మిర్యా కేరనెన్. ఇది ఆఖరి పిలుపు." మళ్ళీ ఆగింది. ఎవరూ రాలేదు. అప్పుడు వాకీటాకీ తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

"తౌనో, ఒక ప్రయాణికురాలు రాలేదు. ఆవిడ పెట్టె దించెయ్యి."

మనిషి ఎక్కకపోతే పెట్టె ఎక్కకూడదు, అది అన్ని విమానాశ్రయాల్లోనూ నియమం. వాకీటాకీ గరగరలాడింది.

"కారణం?" అన్నాడు తౌనో. "కెప్టెన్ అడుగుతున్నాడు." కెప్టెన్ కిటికీలో ఆపిల్ పండు తింటున్నాడు, ఏమీ అడుగుతున్నట్టు లేడు.

"నా కారు పెట్టుకునే చోట ఎవరో మంచు తోశారు. అంత కష్టపడి తోస్తే ఖాళీగా ఉంచడం బాగుండదు కదా."

"మ్" అన్నాడు తౌనో. ఆ గొంతు వణికిందో, వాకీటాకీయే అలా ఉందో తెలియలేదు.

మిర్యా కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఇక పెట్టెలన్నీ దించాలి, తనది అన్నిటికంటే లోపల ఉంటుంది, విమానం ఆలస్యమవుతుంది, ఆఖరి రోజున ఈ అప్రతిష్ట ఒకటి అని బెంగపడింది. తౌనో సామాను అర తలుపు తెరిచాడు. లోపలికి ఎక్కలేదు. వంగనైనా వంగలేదు. ఊరికే చెయ్యి చాపి, తలుపు పక్కనే ఉన్న గోధుమరంగు పెట్టెని తీసి పట్టుకున్నాడు.

విమానం నిమిషం కూడా ఆలస్యం కాకుండా లేచింది. తౌనో పెట్టెతో లోపలికి వచ్చాడు. హాలు నిండా జనం ఉన్నారు, అయినా ఒక్కళ్ళూ అటు చూడలేదు. అందరికీ ఒక్కసారిగా కేకు మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది.

"అందరికంటే ముందు ఇచ్చిన పెట్టె నాది" అంది మిర్యా. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. "అది లోపలికి కదా వెళ్ళాలి?"

తౌనో పెట్టెని కిటికీ పక్క బల్ల కింద పెట్టాడు. టోపీ తీశాడు.

"తోద్దామనే అనుకున్నా" అన్నాడు. "చెయ్యి రాలేదు."