పెద్దావిడ నేర్చుకున్న తెలుగు

మొన్న శనివారం ఉదయం, ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో, వంటగదిని ఆనుకుని ఉన్న భోజనాల బల్ల దగ్గర, యథాప్రకారం మా మనవరాలికి తెలుగు పాఠం చెబుతున్నాను. శనివారం పదిగంటలంటే పదిగంటలే. పిల్ల తల దువ్వుకుని, చేతులు కడుక్కుని, వాచకమూ పెన్సిలూ బల్లమీద సర్దుకుని కూర్చోవాలి, నేను దాని ఎదుట నిలబడి చెప్పాలి. కూర్చుని పాఠం చెప్పడం నాకు ఈనాటికీ అలవాటు కాలేదు. పిల్ల గుణింతాలు తప్పు లేకుండా రాస్తుంది, వాక్యాలు పొల్లుపోకుండా చదువుతుంది, కాని నేను తెలుగులో ఏమడిగినా జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతుంది. ఈ వ్యవహారం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస.

సరిగ్గా పాఠం మధ్యలో ఫోను మోగింది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మా చెల్లెలు వీడియో కాల్ చేసింది. చెల్లెలంటే తోడబుట్టినది కాదు, మా పిన్ని కూతురు. మా మనవరాలికి చిన్నమ్మమ్మ. పెన్సిలు ఎక్కడ పడిందో కూడా చూడకుండా పిల్ల ఫోను అందుకుంది.

“చిన్నమ్మమ్మా! నా టూత్ ఊడింది, చూడు చూడు!”

“ఏదీ, నోరు తెరువు. ఓరి దేవుడా, అచ్చం కోతిపిల్లలా ఉన్నావే!”

“నువ్వే కోతి! నీకు అన్నీ టీత్ లేవు కదా!”

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. అమెరికా యాసలో, విభక్తులు సగం మింగేసి మాట్లాడినా, అది తెలుగే. నేను వాచకం చేత పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆఫీసు పని చూసుకుంటున్న మా అమ్మాయి పక్కగదిలోంచి తొంగిచూసి, “అమ్మా, ఆ ముఖం ఏంటి? పిన్ని దానితో తెలుగులోనే కదా మాట్లాడుతోంది, నీకు కావాల్సింది అదేగా!” అంది. నాకు కావలసింది అదే. కాని అది నాకు కావాలి, మా చెల్లెలికి కాదు.

ఈ వయసులో, అందులోనూ ప్రతి ఆదివారం చర్చిలో దివ్యపూజకు తప్పక వెళ్లే మనిషికి, ఇంత అసూయ ఏమిటని మీకు అనిపించవచ్చు. నా ఈడువారు, ముఖ్యంగా హాస్టళ్లలో అక్కచెల్లెళ్లతో పోటీపడి చదువుకున్నవారు, నన్ను కొంత అర్థం చేసుకుంటారనే ధైర్యంతో చెబుతున్నాను. ఇది కొత్తగా పుట్టిన అసూయ కాదు, యౌవనంలో మొదలైనది. అప్పుడు కూడా విషయం ఒక భాషే, ఎదుట ఉన్నది మా చెల్లెలే.

మేమిద్దరం గుంటూరు వైపు ఒక కాన్వెంటు హాస్టల్లో కలిసి చదువుకున్నాం. నేను ఎప్పుడూ తరగతిలో మొదటిదాన్ని. అది ఎలాగో గట్టెక్కేది. పాఠాలు వినకుండానే ఉపాధ్యాయినులందరికీ ముద్దుబిడ్డ కావడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. చదువు పూర్తయ్యాక మా ఇద్దరినీ, కన్యాస్త్రీలుగా కాదు, మిషన్ సేవకు ఎంచి అమెరికాకు పంపారు. న్యూజెర్సీలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్లో, సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం అది. అక్కడున్న పెద్దలందరూ చిన్నవయసులో ఇటలీ నుంచి ఓడలో వచ్చి, కుట్టు మిల్లుల్లోనూ రోడ్డు పనుల్లోనూ జీవితమంతా గడిపినవారు. మతిమరుపు ముదిరినకొద్దీ, మధ్యలో నేర్చుకున్న ఇంగ్లీషు ముందుగా వారిని విడిచిపోయేది. చివరికి పుట్టిన ఊరి భాష ఒక్కటే మిగిలేది. ఆ భాషలో వారికి సువార్త చదివి వినిపించడానికి, జపమాల చెప్పించడానికి మనుషులు దొరకక, నేర్చుకునే వయసులో ఉన్నవారు కదా అని మమ్మల్ని రప్పించారు.

వెళ్లిన మొదటి వారంలోనే ఆశ్రమం పెద్ద అయిన మదర్ గారు స్పష్టంగా చెప్పారు. ఒక్క ఏడాది గడువు. ఇద్దరిలో ఇటాలియన్ బాగా వచ్చినవారు ఆ ఆశ్రమంలోనే ‘చదివి వినిపించే అమ్మాయి’గా ఉంటారు, రెండవవారు మిషిగన్‌లోని మరో ఆశ్రమానికి, వంటశాలలో సాయానికి వెళతారు. ఆ మాట విన్న రోజే ఆ స్థానం నాదని నిశ్చయించుకున్నాను.

ఇటలీ నుంచే వచ్చిన ఒక వృద్ధ ఫాదర్ గారు, ప్రార్థనాలయం పక్కనున్న చిన్న గదిలో మాకు పాఠం చెప్పేవారు. ఆ గదిలో మైనం వాసన, తడి ఉన్ని కోట్ల వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా కొవ్వొత్తి ఆర్పితే నాకు క్రియారూపాలు గుర్తుకు వస్తాయి. దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ వల్లించాను, గిన్నెలు తుడుస్తూ వల్లించాను, మంచు పడే ఉదయాల్లో మెట్లమీద ఉప్పు చల్లుతూ కూడా వల్లించాను. రోము నగరంలో పెద్ద చదువులు చదివినవారు కూడా ఇంత శుద్ధంగా మాట్లాడరని ఫాదర్ గారు ఒకనాడు అందరి ముందూ అన్నారు. అప్పుడు మా చెల్లెలు బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుని కిటికీలోంచి ఉడతలను చూస్తోంది.

అయితే ఆ శుద్ధమైన భాష తీసుకుని నేను పెద్దల గదుల్లోకి వెళితే ఏమి జరిగేదో చెప్పాలి. పెద్దల ముందు కూర్చోకూడదని మా హాస్టల్లో నేర్పిన నియమం. అందుచేత నేను ప్రతి మంచం పక్కనా నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, గౌరవవాచకాలతో పలకరించేదాన్ని. మన దేశంలో అది మర్యాద. వారికి మాత్రం, జీవితంలో అలా ఎదుట నిలబడి ఆ భాష మాట్లాడినవారు పన్ను అధికారులూ, పోలీసులూ, ఓడరేవులో కాగితాలు తనిఖీ చేసేవారూ మాత్రమే. నేను గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోయేవి, చొక్కా గుండీలు పెట్టుకునేవారు. ఒక తాతగారైతే నేను నమస్కరించిన ప్రతిసారీ తలగడ కింద నుంచి తన అమెరికా పౌరసత్వపు కాగితం తీసి నాకు చూపించేవారు. అక్కర్లేదని ఎంత చక్కని ఇటాలియన్‌లో చెబితే ఆయన అంత భయపడేవారు.

మా చెల్లెలు మంచాల మీదే చతికిలబడేది. అది ఇటాలియన్ మాట్లాడడానికి ప్రయత్నించడం నేనెప్పుడూ చూడలేదు. శుభ్రంగా తెలుగులోనే మాట్లాడేది.

వారందరిలో కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. ఇటలీ దక్షిణాన ఏదో కొండ పల్లె ఆమెది. చేతులు సన్నగా, గోళ్లు గుండ్రంగా కత్తిరించి, జుట్టు నూనె రాసి వెనక్కు దువ్వి, నల్ల శాలువా మడత చెదరకుండా కప్పుకునేది. ఆ ఆశ్రమంలో నా మనసుకు నచ్చిన క్రమం ఆమె ఒక్కరి దగ్గరే కనిపించేది. ఎవరినీ దగ్గరకు రానిచ్చేది కాదు, ఎవరినీ పిలిచేది కాదు. ఆ స్థానం నాకెందుకు కావాలని ఎవరైనా అడిగితే సేవ అనీ, పిలుపు అనీ జవాబు చెప్పేదాన్ని కాని, నిజానికి నాకు కావలసింది ఒక్కటే: ఆ పెద్దావిడ ఒక్కసారి తనంతట తాను నన్ను దగ్గరకు పిలవాలి. ఆమె కోసమే ఆ భాషను అంత శ్రద్ధగా నేర్చుకున్నానని కూడా చెప్పవచ్చు.

ఆమెకు సూపు తాగించే పని మా చెల్లెలిది. “ఇంకొంచెం అమ్మమ్మా, ఇదిగో, ఇంకొంచెం. నా బంగారు తల్లివి కదూ,” అంటూ అది చెంచా పట్టుకుంటే, పెద్దావిడ తన పల్లె భాషలో ఏదో గొణుగుతూ నోరు తెరిచేది. ఒకరి మాట మరొకరికి ఒక్క ముక్క తెలియదు. చూడలేక ఒకనాడు నేను మధ్యలో నిలబడి, నాకు అందిన ముక్కలతోనే అటుదిటూ ఇటుదటూ అనువాదం మొదలుపెట్టాను. ఇద్దరూ నావైపు ఒకేసారి తిరిగి చూశారు.

“అక్కా, నువ్వు మధ్యలో రాకే. మేం బాగానే మాట్లాడుకుంటున్నాం.”

“ఏం మాట్లాడుకుంటున్నారు? ఆవిడ ఏమంటోందో నీకు తెలుసా?”

“తెలీదు. నేనేమంటున్నానో ఆవిడకి తెలుసా ఏంటి? అయినా సూపు అయిపోయింది చూడు.”

గిన్నె నిజంగానే ఖాళీ అయింది.

ఆ తరువాత కొన్ని వారాలకు, ఉతికిన దుప్పట్లు మోసుకుంటూ వసారాలో నడుస్తున్నాను. ఆ గదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. “చాలు, చాలు.” నేను ఆగిపోయాను. ఒక క్షణం తరువాత, మంచం మీద అరచేత్తో తట్టిన చప్పుడు, వెంటనే, “కూచో.” జీవితమంతా ఈ దేశంలో గడిపినా ఇంగ్లీషు నిలుపుకోలేని ఆమె, పేర్లూ ముఖాలూ ఒక్కొక్కటిగా జారవిడుచుకుంటున్న ఆమె, మా చెల్లెలి దగ్గర తెలుగు నేర్చుకుంది. నేను పగలనక రాత్రనక ఆమె భాష నేర్చుకుంటూ ఉంటే ఆమె దాని భాష నేర్చుకుంది. దుప్పట్ల దొంతర మీద గడ్డం ఆనించి అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అంతటి అసూయ మళ్లీ జీవితంలో పడలేదు అని రాయాలని ఉంది. మొన్న శనివారం ఆ మాటను అబద్ధం చేసింది.

ఏడాది నిండింది. మదర్ గారూ ఫాదర్ గారూ కూర్చుని మమ్మల్ని పరీక్షించారు. నేను సువార్తలో ఒక అధ్యాయం చదివి, దాని భావాన్ని ఇటాలియన్‌లోనే వివరించి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాను. మా చెల్లెలు శుభోదయమూ శుభరాత్రీ చెప్పి, నవ్వి, చేతులెత్తేసింది. స్థానం నాకే దక్కింది. మాట ప్రకారం, నియమం ప్రకారం, న్యాయంగానే దక్కింది. అందులో ఈనాటికీ నాకు సందేహం లేదు.

వెళ్లేరోజు అది పెద్దావిడ శాలువా సర్ది, నుదుటిమీద ముద్దు పెట్టి, “వెళ్లొస్తా అమ్మమ్మా, మా అక్క ఉంది కదా,” అంది. పెద్దావిడ మంచం తట్టి, “కూచో,” అంది. ఆశ్రమం వ్యాను బయట హారన్ కొడుతోంది.

మర్నాటి నుంచి ఆ గది నాది. రోజూ ఉదయం మంచం పక్కన నిలబడి చదువుతాను. ఆమె నన్ను దాటి తలుపు వైపు చూస్తూ మంచం తడుతుంది. “కూచో.” సిస్టర్లు అది ఆమె ఊరి మాట అనుకున్నారు. ఫాదర్ గారిని అడిగితే, ఇటలీలో ఏ మూలా ఇటువంటి మాట లేదన్నారు. చివరకు మదర్ గారు, ఇటాలియన్‌లో పండితురాలినని, నన్నే పిలిచి అడిగారు. అది ఇటాలియన్ కాదనీ, మా తెలుగనీ, కూర్చోమని అర్థమనీ విన్నవించాను. మదర్ గారు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, “మరి కూర్చోవచ్చు కదా,” అన్నారు, అంత చిన్న విషయానికి తనదాకా రావలసిన పనేమిటన్నట్టు.

కూర్చున్నాను. పెద్దల ముందు కూర్చోవడం నాకు అదే మొదటిసారి. మంచం అంచున, వీపు నిటారుగా, పుస్తకం ఒళ్లో పెట్టుకుని. పెద్దావిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నా ముఖంలోకి చాలాసేపు చూసి, తన పల్లె భాషలో ఏదో అడిగింది. ఆ పల్లె భాష అంతవరకు నాకు ముక్కలు ముక్కలుగానే అందేది. ఎవరి సాయమూ లేకుండా నాకు మొదటి నుంచి చివరిదాకా అర్థమైన ఆమె మొట్టమొదటి వాక్యం ఇది: “మరి ఆ పిల్ల ఏది?”

మా చెల్లెలు సేవ నిమిత్తం వేరొక రాష్ట్రానికి వెళ్లినదని, దైవచిత్తమైతే మళ్లీ వస్తుందని, నాకు తెలిసిన అతి చక్కని ఇటాలియన్‌లో వివరించడం మొదలుపెట్టాను. వాక్యం సగంలో ఉండగా పెద్దావిడ రెండో చెయ్యి పైకెత్తింది.

“చాలు.”

అప్పటి నుంచి నేను చదవడం తగ్గించి కూర్చోవడం ఎక్కువ చేశాను. రోజూ కూర్చోమనేది, రోజూ ఆ పిల్ల ఏదని అడిగేది, నా చెయ్యి మాత్రం వదిలేది కాదు. చలికాలం దాటకుండానే ఆమె దేవుని పిలుపు అందుకుంది. సమాధి పూజలో పఠనం నేనే చదివాను, ఒక్క తప్పు లేదు. ఆ సాయంత్రం మిషిగన్ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది.

“అక్కా, నన్నేమైనా అడిగిందా?”

లేదని చెప్పడం ఎంత సులువో మీరే ఊహించండి. కాని నాకు తప్పుడు సమాధానం రాయడం ఏ పరీక్షలోనూ చేతకాలేదు. “రోజూ అడిగింది,” అన్నాను. అటువైపు అది గొల్లున ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. రోజూ ఆమె పక్కన కూర్చున్నది నేనైతే ఏడ్చే హక్కు దానికి ఎలా వచ్చిందా అని ఆలోచిస్తూ ఫోను పట్టుకుని నిలబడ్డాను.

తరువాత నేను ఉపాధ్యాయినినయ్యాను, పెళ్లి చేసుకున్నాను, భర్తను సమాధిదాకా సాగనంపాను. చెల్లెలు మిషిగన్‌లోనే స్థిరపడింది. ఆ వృద్ధాశ్రమం ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నాయని విన్నాను. ఆ పెద్దల మనవలకు ఇటాలియన్‌లో వంటకాల పేర్లు తప్ప మరేమీ రావట. ఇక నా ఇటాలియన్, అంత శుభ్రంగా, అంత క్రమంగా, చెక్కుచెదరకుండా నా దగ్గరే ఉంది, మాట్లాడడానికి మనుషులే లేరు. అప్పుడప్పుడు ఉదయం టీ కాచుకుంటూ ఒక క్రియను వరసగా చెప్పుకుంటాను. మా అల్లుడు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నానని అనుకుంటాడు. ఇప్పటి పిల్లలకు ఏ భాష కావాలన్నా ఫోనే అనువదించి పెడుతుంది, ఎవరూ ఎవరి మంచం పక్కనా నిలబడనక్కరలేదు.

మొన్న శనివారం కాల్ అయిపోయాక నేను వాచకంలో పేజీ వెతుక్కుంటున్నాను. మా మనవరాలు తన పక్కనున్న కుర్చీని రెండు చేతులతో లాగి, దాని మీద అరచేత్తో తట్టింది.

“కూచో, అమ్మమ్మా.”

పెద్దవారితో ‘కూర్చోండి’ అనాలని ఎన్నిసార్లో చెప్పాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, వాచకం మూసి, కూర్చున్నాను. పిల్ల ఊడిన పన్ను గురించి మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది, ఈసారి నాకు, వచ్చీరాని తెలుగులో. విన్నాను. సంతోషంగానే విన్నాను. ఇన్నేళ్లలో ఊళ్లు మారాయి, ఇళ్లు మారాయి, నన్ను పిలిచేవారు మారారు; నన్ను కూర్చోమని పిలిచే మాట మాత్రం, ఆనాటిలాగే, వారు మా చెల్లెలి దగ్గర నేర్చుకున్నదే.